బాక్స్ పోయింది, కెమెరాలు బాగున్నాయి: ఏ రికార్డర్ తీసుకోవాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూస్తే సగానికి పైగా సీసీ కెమెరాల బాక్స్ (వీడియో రికార్డు చేసే డీవీఆర్) గురించే. విశాఖలో వేసవి ఉరుములు వాటి పని అవి చేసినట్టున్నాయి. గాజువాక నుంచి వచ్చిన ప్రశ్నకి కొంచెం పొడుగ్గా జవాబు రాశాను, మిగతావాళ్ళు కూడా ముందు అది చదివేయండి, చాలా డౌట్లు అక్కడే తీరిపోతాయి.

ప్రశ్న: సార్, మాది గాజువాక. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైర్ అయ్యాను. 2016లో ఇంటికి నాలుగు కెమెరాలు పెట్టించాను, బాక్స్ 8 చానెల్‌ది, అంటే ఎనిమిది కెమెరాలు పట్టేది. మొన్న ఒక రాత్రి గట్టిగా ఉరుములు, కరెంటు పోయి వచ్చింది, అప్పట్నుంచి బాక్స్ ఆన్ అవ్వట్లేదు. కెమెరాలకి మాత్రం రాత్రిపూట ఎర్ర లైట్లు వెలుగుతున్నాయి. టెక్నీషియన్ చూసి, ఇది పాత మోడల్ సార్, దీనికి బాక్స్ దొరకదు, కెమెరాలు వైరింగ్ మొత్తం తీసేసి ఐపీ కెమెరాలు (నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచేవి) వేసుకోవాలి, 38 వేలు అవుద్ది అన్నాడు. పెన్షన్ మీద బతికేవాణ్ణి. బాక్స్ ఒక్కటే మార్చుకోవచ్చా, మారిస్తే ఏది? పాత హార్డ్ డిస్క్ పనికొస్తుందా?

జవాబు: మార్చుకోవచ్చు మాస్టారూ. 2016లో పెట్టిన కెమెరాలంటే దాదాపుగా హెచ్‌డీ అనలాగ్ రకమే అయ్యుంటాయి, వాటికి బాక్స్ దొరకదు అన్నమాట నిజం కాదు, ఇప్పుడు షాపుల్లో అమ్ముతున్న డీవీఆర్‌లు చాలావరకు వాటిని తీసుకుంటాయి.

అయితే కొనేముందు ఒక పని చేయండి. నిజంగా బాక్సే పోయిందా, దాని అడాప్టర్ పోయిందా చూడండి. కెమెరాలకి కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ వేరు, డీవీఆర్‌కి ఇచ్చే 12 వోల్టుల అడాప్టర్ వేరు, కెమెరాల లైట్లు వెలుగుతున్నాయంటే ఎస్ఎంపీఎస్ బాగుందనే అర్థం, డీవీఆర్ సంగతి దానివల్ల తెలీదు. అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు ఎన్ని ఆంపియర్లు అని రాసుంటుంది, అదే రేటింగ్‌ది ఇంకోటి పెట్టి చూడండి, పిడుగుల తర్వాత చచ్చిన డీవీఆర్ అని తెచ్చేవాటిలో కొన్ని అడాప్టర్ మారిస్తే లేచి కూర్చుంటాయి. రెండోది, లైట్ వెలిగి మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ అవుతుంటే మాత్రం హార్డ్ డిస్క్ మీద అనుమానం, మూత తీసి డిస్క్ కనెక్షన్లు రెండూ ఊడదీసి ఆన్ చేస్తే బాక్స్ బాగానే వస్తే డిస్క్ పోయినట్టు. ఇదంతా కరెంటు తీసేసి చేయాలి, అడాప్టర్ బయట ఉండే బాక్స్ అయితేనే మూత తీయండి, మెయిన్స్ వైరు తిన్నగా లోపలికి వెళ్ళే రకం అయితే మీరు ముట్టుకోవద్దు.

ఇవి రెండూ కాదు, బాక్సే పోయింది అని తేలిందనుకోండి, అప్పుడు తెలుసుకోవాల్సింది మీ కెమెరా ఏ సిగ్నల్ ఇస్తుందన్నది. అనలాగ్ హెచ్‌డీలో టీవీఐ, సీవీఐ, ఏహెచ్‌డీ అని మూడు రకాలున్నాయి, వీటికి ముందునుంచి ఉన్న పాత మామూలు అనలాగ్ నాలుగోది. బయటికి అన్నిటికీ అదే కేబుల్, దాని చివర అదే బీఎన్సీ పిన్, చూస్తే తేడా ఏమీ కనపడదు. టీవీఐ ఎక్కువగా హైక్‌విజన్ వాళ్ళు వాడింది, సీవీఐ దహువా వాళ్ళది, మన దగ్గర ఆ రోజుల్లో ఎక్కువగా అమ్ముడైన సీపీ ప్లస్ కూడా ఈ సీవీఐ వైపే ఉండేది. కెమెరా ఒంటి మీద స్టిక్కర్ ఉంటుంది, నిచ్చెన ఎక్కగలిగే కుర్రాణ్ణి ఎవర్నన్నా పంపి ఫోన్లో ఫోటో తీయించండి, మోడల్ నంబరు దొరికితే పని అయిపోయినట్టే. రకం కలవని బాక్స్‌కి తగిలిస్తే బొమ్మ రాకపోవచ్చు, లేదా రంగు లేకుండా బ్లాక్ అండ్ వైట్‌లో రావచ్చు, అప్పుడు పాపం కెమెరా పోయిందని దాన్ని పీకేస్తారు. అందుకే నాలుగు రకాలూ తీసుకునే బాక్స్ తీసుకోండి, షాపులో ఎక్స్‌వీఆర్ అని అడిగితే ఇస్తారు, నాలుగు అనలాగ్ రకాలకి తోడు ఐపీ కెమెరాలు కూడా ఒకటో రెండో తీసుకుంటే దాన్నే పెంటాబ్రిడ్ అంటారు. తర్వాత గేటు దగ్గర ఒక మంచి ఐపీ కెమెరా పెట్టాలనిపించినా అదే బాక్స్ సరిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. షాపులో ఎవరైనా మనకి చూపించేది లైవ్. పెద్ద టీవీలో నాలుగు గళ్ళలో బొమ్మ నిగనిగలాడుతుంటే మనం డబ్బులు తీసి ఇచ్చేస్తాం. కానీ దొంగ వచ్చిన మర్నాడు మనం చూసేది లైవ్ కాదు కదా, రికార్డు అయింది చూస్తాం, చవక బాక్స్‌ల్లో ఆ రెండూ ఒకటి కావు. బాక్స్ మీద 1080ఎన్ అనో 1080పి లైట్ అనో రాసుంటే, అది రికార్డు చేసేది 1920 బై 1080 కాదు, 960 బై 1080. అడ్డంగా సగం చుక్కలు తీసేసి, చూపించేటప్పుడు సాగదీసి స్క్రీన్ నిండా చూపిస్తుంది, పావు లీటరు పాలలో పావు లీటరు నీళ్ళు కలిపి అరలీటరు గిన్నె నింపినట్టు. గేటు దగ్గర నిలబడ్డ మనిషి మనకి తెలిసినవాడైతే గుర్తుపడతాం, తెలియనివాడి మొహం జూమ్ చేస్తే ముద్దగా ఉంటుంది. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 5 ఎంపీ సపోర్ట్ అని ఉంటుంది, అది కూడా చాలాసార్లు 5 ఎంపీ లైటే.

ఇంకోటి ఫ్రేమ్‌ల సంగతి. ఫుల్ 1080పి రికార్డు చేస్తుంది అని చెప్పే కొన్ని బాక్స్‌లు కూడా సెకనుకి 12, 15 ఫ్రేమ్‌లే (బొమ్మలే) తీస్తాయి. వాకిట్లో నడిచే మనిషికి అది చాలు, దాని గురించి కంగారు అక్కర్లేదు. కానీ మీ కెమెరా రోడ్డు వైపు ఉండి, 30 కిలోమీటర్ల స్పీడులో బైకు పోతోందనుకోండి, సెకనుకి 8 మీటర్లు పైనే పోతుంది, 12 ఫ్రేమ్‌ల బాక్స్‌లో ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య బైకు దాదాపు 70 సెంటీమీటర్లు పోతుంది, 25 ఫ్రేమ్‌లు తీసే బాక్స్‌లో అది 33 సెంటీమీటర్లు. మామూలు ఇంటి కెమెరాతో రాత్రి హెడ్‌లైట్ వెలుగులో బైకు నంబరు చదవాలన్న ఆశ మాత్రం పెట్టుకోకండి, ఏ బాక్స్ కొన్నా సరే.

కాబట్టి డాబాగార్డెన్స్‌కో ద్వారకానగర్‌కో వెళ్ళేటప్పుడు మీ కెమెరా ఒకటి విప్పించి చేతిలో పట్టుకెళ్ళండి. షాపతన్ని ఆ కెమెరా తగిలించి ఐదు నిమిషాలు రికార్డు చేయమనండి, ఎదురుగా మీరే అటూ ఇటూ నడవండి, తర్వాత ప్లేబ్యాక్ పెట్టి ఆపి మీ మొహం జూమ్ చేసి చూడండి. దీంతో కెమెరా బతికుందా లేదా కూడా తేలుతుంది, ఎందుకంటే ఎర్ర లైట్లు వెలిగినంత మాత్రాన వీడియో వస్తుందని గ్యారంటీ లేదు, పిడుగు దెబ్బ కేబుల్ గుండానే బాక్స్‌లోకి వచ్చి ఉంటే కెమెరా వైపు కూడా కొంత కాలి ఉండొచ్చు. నాలుగూ పట్టుకెళ్ళగలిగితే మరీ మంచిది. ఇలా టెస్ట్ చేయడానికి విసుక్కునే షాపులో కొనొద్దు, పక్కనే ఇంకో షాపు ఉంటుంది.

హార్డ్ డిస్క్ విషయం. పాతది ఆగకుండా ఇన్నేళ్ళు తిరిగింది, దాన్ని కొత్త బాక్స్‌లో పెట్టి మళ్ళీ నమ్మడం నాకైతే ఇష్టం లేదు. పైగా వేరే కంపెనీ బాక్స్‌లో పెడితే ఫార్మాట్ చేయమంటుంది, చేశారంటే పాత ఫుటేజ్ మొత్తం పోయినట్టే, అందుకని పాత రికార్డింగ్ ఏమైనా కావాలంటే డిస్క్ తీసి విడిగా దాచండి. కొత్తది కంప్యూటర్‌కి వేసే మామూలు డిస్క్ కాకుండా నిఘా కెమెరాలకని చేసేవి తీసుకోండి, వెస్టర్న్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్ అలాంటివి, రాత్రీ పగలూ రాస్తూనే ఉండటానికి చేసినవి అవి. బాక్స్ ఎన్ని టీబీల డిస్క్ వరకు తీసుకుంటుందో కూడా డబ్బా మీదే ఉంటుంది, చూసుకోండి.

ఎంత సైజు అంటారా, లెక్క సులువే. ఒక్కో కెమెరాకి 2 ఎంబీపీఎస్ (సెకనుకి 2 మెగాబిట్లు) పెడితే నాలుగింటికి 8, ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి సెకనుకి ఒక మెగాబైట్, రోజుకి 86 జీబీ. 1 టీబీ డిస్క్ 11 రోజులు వస్తుంది, తర్వాత పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. వీడియోని కుదించే పద్ధతి మీ పాత బాక్స్‌లో హెచ్.264దే అయ్యుంటుంది, కొత్తదాంట్లో హెచ్.265 ఉండేలా చూసుకుంటే ఇంచుమించు అదే క్వాలిటీకి సగం జాగా చాలు, 1 టీబీలోనే 20 రోజులు దాటుద్ది. ఇక్కడ అనలాగ్ వాళ్ళకి ఒక లాభం ఉంది, ఐపీలో వీడియోని కుదించే పని కెమెరా చేస్తుంది, అనలాగ్‌లో ఆ పని బాక్స్ చేస్తుంది, కాబట్టి మీరు 2016 నాటి కెమెరాలే ఉంచుకున్నా బాక్స్ మార్చగానే ఆ సదుపాయం మీకు వచ్చేస్తుంది.

చానెళ్ళు 4 చాలా 8 కావాలా అంటే, ఇంకో రెండేళ్ళలో మేడ మీద ఒకటి, వెనక సందులో ఒకటి పెట్టే ఆలోచన ఉంటే 8 తీసుకోండి, లేదంటే 8 చానెళ్ళ లైట్ బాక్స్ కన్నా 4 చానెళ్ళ ఫుల్ 1080పి బాక్స్ మంచిది. టెక్నీషియన్‌ని తప్పు పట్టక్కర్లేదు, ఐపీ మంచిదే, కానీ కెమెరాలు, కేబుల్ బాగున్న ఇంటికి అది ఇప్పుడు అవసరం కాదు. మిగిలిన డబ్బుల్లో కొంచెం పెట్టి ముందు ఇంటి ఎర్తింగ్ చెక్ చేయించి, బాక్స్‌కి ఒక చిన్న యూపీఎస్, సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి, లేదంటే వచ్చే ఏడాది ఇదే ఉత్తరం మళ్ళీ రాస్తారు.

ప్రశ్న: నమస్తే అండి, మేము ఎంవీపీ కాలనీలో ఉంటాం. మా అబ్బాయి డల్లాస్ నుంచి ఫోన్లో కెమెరాలు చూస్తుంటాడు, మా ఇద్దరం పెద్దవాళ్ళం కాబట్టి వాడికి అదో ధైర్యం. ఈ మధ్య డీవీఆర్ మార్పించాం, కొత్త బాక్స్ పెట్టినాయన వాళ్ళ ఫోన్లోనే అకౌంట్ చేసి మాకు షేర్ చేశాడు, పాస్‌వర్డ్ అడిగితే అవన్నీ మీకెందుకమ్మా ఏదైనా ఉంటే నాకు ఫోన్ చేయండి అంటున్నాడు. ఇది మామూలేనా?

జవాబు: మామూలుగా జరుగుతోంది గానీ ఒప్పుకోకూడదు మేడమ్. ఆయన చెడ్డవాడు అని కాదు, మీ హాల్లో ఎవరు కూర్చున్నారో ఆయన ఫోన్లో ఎప్పుడైనా కనిపిస్తుంది, ఆ ఫోన్ పోయినా, ఆయన పని మానేసి వేరే ఊరు వెళ్ళినా మీ బాక్స్ ఆయన అకౌంట్‌కే కట్టేసి ఉంటుంది. చాలా కంపెనీల బాక్స్ ఒకసారి ఒక అకౌంట్‌లో చేరితే, అక్కడ తీసేస్తే గానీ ఇంకో అకౌంట్‌లో సొంతంగా చేరదు. అందుకే ఆయన అందుబాటులో ఉండగానే పిలిపించి మూడు పనులు చేయించుకోండి. ఆయన అకౌంట్ నుంచి మీ డివైస్ తీసేయాలి, మీ ఫోన్లో మీ నంబరుతో అకౌంట్ చేసి బాక్స్ మీదున్న క్యూఆర్ స్కాన్ చేయాలి, బాక్స్ అడ్మిన్ పాస్‌వర్డ్ మీరే కొత్తది పెట్టుకోవాలి. అబ్బాయికి మీ అకౌంట్ నుంచి షేర్ చేస్తే సరిపోతుంది, హైక్‌విజన్ అయితే హైక్‌కనెక్ట్, దహువా అయితే డీఎంఎస్ఎస్ యాప్, దేంట్లో అయినా షేరింగ్ ఉంటుంది, వాడు చూడొచ్చా, పాతవి కూడా తీసి చూడొచ్చా అన్నది కూడా మీరే పెట్టొచ్చు. పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, ఫర్వాలేదు, మర్చిపోవడం కన్నా అది నయం.

రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నెట్ నుంచి బాక్స్‌లోకి నేరుగా దారి తెరవడం) ఏమైనా పెట్టాడేమో కూడా అడగండి, పెట్టుంటే తీయించేయండి, క్యూఆర్ పద్ధతికి అది అక్కర్లేదు. అలా బయటికి తెరిచిపెట్టి, కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డే ఉంచేసిన డీవీఆర్‌లూ కెమెరాలే 2016లో మిరాయ్ అనే వైరస్‌కి దొరికి, ఆ అక్టోబర్‌లో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కాసేపు పనిచేయకుండా చేశాయి. ఇళ్ళలో మూల షెల్ఫుల్లో కూర్చున్న డబ్బాలే అవన్నీ. అబ్బాయికి వీడియో ఆగి ఆగి వస్తుంటే సబ్ స్ట్రీమ్‌లో (తక్కువ క్వాలిటీ బొమ్మలో) పెట్టుకుని చూడమనండి, దానికోసం ఎక్కువ స్పీడు ప్లాన్ తీసుకోవద్దు.

ప్రశ్న: మాది లాసన్స్ బే కాలనీ, బీచ్‌కి బాగా దగ్గర. ఒక కెమెరాలో గీతలు పాకుతుంటాయి, ఇంకోటి పగలంతా బాగుండి రాత్రి అవ్వగానే పోతూ వస్తూ ఉంటుంది. బాక్స్ మార్చాలంటున్నారు, మార్చమంటారా?

జవాబు: వద్దు. ముందు బాక్స్ వెనక గీతలొచ్చే కెమెరా పిన్ను తీసి, బాగున్న కెమెరా పిన్ను ప్లేసులో పెట్టండి. గీతలు ఆ కెమెరాతో పాటే వస్తే తప్పు కేబుల్‌ది లేదా కెమెరాది, అదే చానెల్‌లో ఉండిపోతే అప్పుడు బాక్స్‌ది. మీ ఏరియాలో నేను పందెం కాసేది బీఎన్సీ పిన్ మీద, ఉప్పుగాలికి పచ్చగా కిలుం పట్టి ఉంటుంది, గోడకి బయట జాయింట్ మీద టేప్ చుట్టి వదిలేసి ఉంటే ఇంక చెప్పేదేముంది. పిన్ను కట్ చేసి కొత్తది వేయించి, జాయింట్లన్నీ మూతున్న జంక్షన్ బాక్స్‌లోకి పెట్టించండి, కేబుల్ వచ్చే కన్నం కింద వైపు ఉండేలా. పిన్ను మార్చినా గీతలు పైకి పాకుతూనే ఉంటే ఎర్తింగ్, పవర్ సంగతి చూడాలి.

రాత్రి పోయే కెమెరాది వేరే కథ. చీకటి పడగానే కెమెరాలోని ఐఆర్ లైట్లు (ఎర్రగా కనపడేవి) వెలిగి కరెంటు ఎక్కువ లాగుతుంది, కేబుల్ సన్నంగా, పొడుగ్గా ఉంటే అక్కడికి వెళ్ళేసరికి వోల్టేజ్ పడిపోయి కెమెరా రీస్టార్ట్ అవుతుంది. రాత్రిపూట కెమెరా దగ్గర మీటర్ పెట్టి చూడమనండి, 12కి బదులు 9, 10 చూపిస్తే సంగతి అదే. రాగి అని చెప్పి అల్యూమినియం మీద రాగి పూసిన వైరు వేసుంటే ఇది తొందరగా వస్తుంది. ఆ ఒక్క కెమెరాకి దగ్గర్లో విడిగా అడాప్టర్ పెడితే పోతుంది.

ప్రశ్న: పెందుర్తిలో మాకు చిన్న ఫంక్షన్ హాల్ ఉంది సార్, కెమెరాలు 8. పోలీసులు నెల రోజుల ఫుటేజ్ ఉండాలంటున్నారు, మా బాక్స్‌లో వారం కూడా ఉండట్లేదు. కొత్తది తీసుకోవాలా?

జవాబు: ఉండాల్సిందే బాబూ. 2013 పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం ఒకేసారి వంద మందో అంతకన్నా ఎక్కువో చేరే చోట్ల కెమెరాలుండాలి, రికార్డింగ్ 30 రోజులు దాచాలి. పైన చెప్పిన లెక్కే, 8 కెమెరాలకి 2 ఎంబీపీఎస్ చొప్పున 30 రోజులంటే 5 టీబీ దాటుతుంది కాబట్టి 6 టీబీ డిస్క్, హెచ్.265తో 1 ఎంబీపీఎస్‌కి దించితే 3 టీబీలో సరిపోతుంది గానీ పెళ్ళి జనంలో, కదలిక ఎక్కువ ఉన్నచోట అంత తగ్గిస్తే మొహాలు పోతాయి, నా మాట విని 6 పెట్టించు. ఇప్పుడున్న బాక్స్ అంత పెద్ద డిస్క్ తీసుకుంటే బాక్స్ మార్చక్కర్లేదు, డిస్క్ ఒక్కటే మార్చు. మోషన్ ఉన్నప్పుడే రికార్డు అనే సెట్టింగ్‌తో రోజులు పెంచుకోవచ్చని ఎవరైనా చెప్తే, హాలు ఖాళీగా ఉండే రోజులకి సరే, ఫంక్షన్ రోజు కంటిన్యువస్‌లోనే ఉంచు.

బాక్స్ టైము సరిగ్గా ఉందో లేదో నెలకోసారి చూస్తుండు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంటే లోపల బటన్ సెల్ అయిపోయినట్టు, చాలా వాటిలో సీఆర్2032 ఉంటుంది, మందుల షాపులో కూడా దొరుకుతుంది. టైము తప్పున్న ఫుటేజ్ మీద కోర్టులో లాయర్ ఆడుకుంటాడు. పోలీసులు అడిగితే ఆ ముక్క పెన్‌డ్రైవ్‌లోకి బాక్స్ సొంత ఫార్మాట్‌లోనే, దాని ప్లేయర్‌తో సహా తీసి ఇవ్వు, స్క్రీన్‌ని ఫోన్‌తో షూట్ చేసి వాట్సాప్‌లో పంపడం కాదు. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది కదా, దాంట్లో 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్, ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే కోడ్) అడుగుతారు, ఆ ఫారం స్టేషన్‌లో వాళ్ళే చూపిస్తారు.

ప్రశ్న: మధురవాడలో ఇల్లు కడుతున్నాం, ఇంకా ప్లాస్టింగ్ కాలేదు. డీవీఆరా, ఎన్‌వీఆరా?

జవాబు: కొత్తగా వైరింగ్ చేసేవాళ్ళు ఎన్‌వీఆర్ (ఐపీ కెమెరాలకి వాడే రికార్డర్), ఐపీ కెమెరాలు, పీఓఈ పెట్టుకోండి, ఒకే క్యాట్6 కేబుల్‌లో వీడియో, కరెంటు రెండూ పోతాయి, ఎస్ఎంపీఎస్ గొడవ లేదు. కేబుల్ ప్యూర్ కాపర్ అయ్యుండాలి, ఒక్కో పాయింట్ దూరం 100 మీటర్లు దాటకూడదు, ఇంట్లో దాటదు లెండి. కెమెరాలు వేరే కంపెనీవి అయితే ఓఎన్‌వీఐఎఫ్ (వేరే కంపెనీల కెమెరా, బాక్స్ కలిసి పనిచేసే పద్ధతి) సపోర్ట్ రెండింటికీ ఉందో లేదో చూసుకోండి. 2025 ఏప్రిల్ నుంచి కెమెరాలకి ప్రభుత్వ సెక్యూరిటీ టెస్టింగ్ తప్పనిసరి అయింది, ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉందా అని అడిగి తీసుకోండి, పాత స్టాకు చవగ్గా ఇస్తానంటే ఆలోచించుకోండి. గేటు పాయింట్‌కి కేబుల్ ఒకటి ఎక్స్‌ట్రా లాగించి ఉంచండి, ప్లాస్టింగ్ చేసేముందు గోడల్లో పైపులు ఎటు పోతున్నాయో ఫోటోలు తీసి పెట్టుకోండి.